సహాయం మనం చెప్పిన చోటికే వస్తుంది

(జాతీయ భద్రతా దినోత్సవం సందర్భంగా జరిగిన కార్మిక శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం మార్చి 4వ తేదీని మన దేశంలో జాతీయ భద్రతా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. 1966లో జాతీయ భద్రతా మండలి ఏర్పడిన రోజు అది. ఈ రోజున యాజమాన్యాలు జెండా ఎగురవేస్తాయి, కార్మికుల చేత ప్రతిజ్ఞ చేయిస్తాయి, హెల్మెట్టు పెట్టుకోండి, బెల్టు కట్టుకోండి అని హితబోధ చేస్తాయి. అవన్నీ అవసరమే. కాని ఈ తరగతిలో మాట్లాడవలసిందని నిర్వాహకులు కోరినప్పుడు, వాటిని ఇతర వక్తలకు వదలి, నేను ఒకే ఒక విషయం ఎంచుకున్నాను. ప్రమాదం జరిగిన తరువాత సహాయం కోసం ఫోను చేస్తాము. అవతలి వారు "ఎక్కడ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మనం ఏమని జవాబు చెబుతున్నాము?

ఇదీ ఒక విషయమేనా అని మీలో కొందరికి తోచవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే తోచేది. ఆ అభిప్రాయం ఎలా మారినదో ముందు చెబుతాను.

నా అనుభవం

2008లో నేను ఒక నగర శివార్లలోని పారిశ్రామిక వాడలో యూనియన్ నిర్మాణం పని చూస్తున్నాను. ఒక సాయంత్రం షిఫ్టు మారే వేళ ఒక ఫ్యాక్టరీ గేటు ముందు కరపత్రాలు పంచుతుండగా లోపల కేకలు వినిపించినవి. షెడ్డు పైకప్పు రేకులు మార్చడానికి ఎక్కిన ఒక కాంట్రాక్టు కార్మికుడు, పాత సిమెంటు రేకు విరిగి, కింద కాంక్రీటు నేల మీద పడినాడు. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన ఇరవై ఆరేళ్ల యువకుడు. నడుముకు తాడు లేదు, కింద వల లేదు.

నా దగ్గర సెల్ ఫోను ఉన్నది. 108కి నేనే ఫోను చేశాను. ఎక్కడ అని అడిగినారు. పారిశ్రామిక వాడ పేరు, కంపెనీ పేరు చెప్పి, "త్వరగా రండి" అన్నాను. ఏ ఫేజు, ఏ రోడ్డు అని అడిగే లోపలే, "అందరికీ తెలిసిన కంపెనీయే, ఎవరినడిగినా చెబుతారు" అని ఫోను పెట్టేశాను. పెట్టేసి ఊరుకోక, యూనియన్ ఆఫీసుకు, మరి ఇద్దరు నాయకులకు వరుసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాను.

ఆ కంపెనీకి అదే వాడలో రెండు యూనిట్లు ఉన్నవి. అంబులెన్సు మొదటి యూనిట్‌కు పోయినది. అక్కడి వాచ్‌మన్ ఇక్కడ ప్రమాదమేదీ జరగలేదన్నాడు. అంబులెన్సు వారు నాకు ఫోను చేసినారు. నా ఫోను ఎంగేజీలో ఉన్నది. మళ్ళీ చేసినారు, మళ్ళీ ఎంగేజీలోనే ఉన్నది. చివరకు వాళ్ళు దారిన పోయేవారిని అడుగుతూ మా వద్దకు చేరేసరికి ఇరవై నిమిషాలు వృథా అయినవి. ఆ రాత్రే ఆసుపత్రిలో అతను మరణించాడు.

ఆ ఇరవై నిమిషాలు ముందు చేరి ఉంటే బ్రతికేవాడని ఏ డాక్టరూ నాతో అనలేదు. బ్రతికేవాడు కాదనీ అనలేదు. ఆ సంగతి నాకు ఈనాటికీ తెలియదు.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. తాడు లేకుండా ఆ మనిషిని పైకప్పు మీదికి ఎక్కించినవారి బాధ్యతను తగ్గించడానికి నేనీ సంగతి చెప్పడం లేదు. ఆ చావు వారిదే. కాని ఆ ఇరవై నిమిషాలు మాత్రం నావి. కార్మికుల పక్షాన మాట్లాడేవాణ్ణని చెప్పుకునే నేను, ప్రతి రోజూ ఆ గేటు ముందు నిలబడిన నేను, ఆ గేటు ఏ రోడ్డు మీద ఉన్నదో చెప్పలేకపోయాను.

ఫోను తానే చెప్పదా?

నేడు మన చేతులలో మెరుగైన ఫోన్లు ఉన్నవి, మనం ఎక్కడున్నామో ఫోనే చెబుతుంది గదా అని యువ కార్మికులు అనవచ్చు. ఆ నమ్మకం ఎంతవరకు సరియైనదో చూద్దాము.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైనది. తరువాత అది అనేక రాష్ట్రాలకు వ్యాపించినది. 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌తో ప్రారంభించి, పోలీసు, అగ్నిమాపక దళం, వైద్యం అన్నింటికీ కలిపి 112 అనే ఒకే నంబరును క్రమంగా దేశమంతటా అమలులోకి తెచ్చినారు. ఇవి ప్రజలకు జరిగిన మేళ్ళు. సందేహం లేదు.

కాని సెల్ ఫోను పిలుపు ఒక టవరు ద్వారా పోతుంది. ఏ టవరు పరిధిలో నుండి వచ్చినదో తెలిసినంత మాత్రాన మనిషి ఎక్కడున్నాడో తెలియదు. పట్నంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక వందల మీటర్ల తేడా రావచ్చు, పల్లెలో కిలోమీటర్ల తేడా రావచ్చు. ఉపగ్రహాల సాయంతో చోటు చూపే జీపీఎస్ ఇంతకంటె మేలైనదే. కాని ఇనుప రేకుల షెడ్డు కింద, భవనం సెల్లారులో, సొరంగంలో అది తడబడుతుంది. సరిగా పనిచేసిన చోట కూడా, మనిషి పదునాలుగవ అంతస్తులో ఉన్నాడా నేల మీద ఉన్నాడా అన్నది మ్యాపు మీది చుక్క చెప్పదు. ఆవరణకు ఉన్న నాలుగు గేట్లలో ఈ రాత్రి ఏది తెరచి ఉన్నదో అసలే చెప్పదు.

రాష్ట్రాల సరిహద్దులలో మరొక చిక్కు ఉన్నది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైన తరువాత, కోదాడకు, జగ్గయ్యపేటకు నడుమ రాష్ట్ర సరిహద్దు ఏర్పడినది. అటువంటి చోట పిలుపు పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకుంటే, పొరుగు రాష్ట్రపు కేంద్రానికి పోవచ్చు. తడ దగ్గర పనిచేసేవారికి తమిళనాడుతోనూ ఇదే చిక్కు. కనుక సరిహద్దున ఉన్నవారు మొట్టమొదట ఏ రాష్ట్రమో, ఏ జిల్లాయో చెప్పాలి. ఫోను చేసే సాయం మనం తీసుకుందాము. కాని చెప్పే బాధ్యతను దానికి అప్పగించరాదు.

ముందు చోటు, తరువాత సంగతి

ప్రమాదం చూసిన మనిషి సహజంగా ఏమి చెబుతాడు? "అయ్యో, మనిషి పడిపోయినాడు, రక్తం పోతున్నది" అంటాడు. చోటు చివరన వస్తుంది. ఈలోగా లైను తెగిపోతే, బ్యాటరీ అయిపోతే, అవతలివారికి రక్తం పోతున్నదని తెలుస్తుంది గాని ఎక్కడ పోతున్నదో తెలియదు. కనుక మొదటి మాట చోటు కావాలి. తరువాత ఏమి జరిగినదో, ఎంతమందికి దెబ్బలు తగిలినవో చెప్పాలి. ఆ తరువాత మన ఫోను నంబరు. అవతలివారు చాలునని చెప్పేవరకు ఫోను పెట్టరాదు. చేసిన ఫోనును అంబులెన్సు వచ్చేవరకు ఖాళీగా ఉంచాలి. నాయకులకు, బంధువులకు వేరే ఫోను నుండి చెప్పండి. ఈ చివరి మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

చోటు చెప్పడంలో పెద్దది ముందు, చిన్నది వెనుక చెప్పడం మంచిది. పల్లెలోనైతే జిల్లా, మండలం, గ్రామం, ఆపైన గుర్తు. ఊరి పేరు ఒక్కటే చాలదు. మన రెండు రాష్ట్రాలలో కొత్తపల్లిలు ఎన్ని, రామాపురాలు ఎన్ని, వెంకటాపురాలు ఎన్ని! మండలం చెప్పనిదే ఏ కొత్తపల్లియో దేవునికే తెలియాలి. జిల్లా పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెలంగాణలో 2016లో 10 జిల్లాలను 31 చేసినారు, 2019లో మరి రెండు చేర్చినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి. పాలమూరు జిల్లా అని అలవాటు కొద్దీ చెబితే, ఆ ఊరు నేడు వనపర్తిలో ఉండవచ్చు, నాగర్‌కర్నూలులో ఉండవచ్చు.

సంఖ్యల విషయం మరీ ముఖ్యం. యంత్రాల హోరులో "ఇరవై" అన్నది "అరవై"గా వినిపిస్తుంది. ఇంగ్లీషులో చెప్పినా "ఫిఫ్టీన్" అన్నది "ఫిఫ్టీ" అవుతుంది. కనుక అంకెలను విడివిడిగా పలకండి. ఇరవై అనక "రెండు, సున్నా" అనండి. అరవై అనక "ఆరు, సున్నా" అనండి. అవతలివారి చేత తిరిగి చెప్పించుకోండి. కుడి, ఎడమ అనడం కూడా ప్రమాదమే. ఎటు ముఖం పెట్టి నిలబడితే కుడి? మన పెద్దలు పొలం హద్దులు చెప్పినట్లు తూర్పు, పడమర అని చెప్పడమే మేలు. లేదా ఫలానా ఊరి వైపు పోయే దారిలో అని చెప్పాలి.

చోటు పేరు తెలియకపోతే కంగారు పడనక్కరలేదు. చుట్టూ చూడండి. బడి మీద, పెట్రోలు బంకు మీద, దుకాణం మీద బోర్డు ఉంటుంది. అందులో ఊరు, రోడ్డు రాసి ఉంటాయి. కరెంటు స్తంభం మీద, ట్రాన్స్‌ఫార్మరు మీద నంబరు ఉంటుంది. చదువు రానివారు, ఆ ప్రాంతపు లిపి రానివారు పక్కనున్న దుకాణదారుకు ఫోను అందించి చెప్పించాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

దారి మీద, పట్టాల మీద, కడలి మీద

లారీ, బస్సు కార్మికులకు రోడ్డే కార్ఖానా. జాతీయ రహదారి కిలోమీటరు రాయికి పైభాగాన పసుపు రంగు, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ రంగు ఉంటుంది. రెండు కిలోమీటర్ల రాళ్ళ నడుమ 200 మీటర్లకొక చిన్న రాయి ఉంటుంది. రహదారి నంబరు, దగ్గరి రాయి మీది సంఖ్య, ఏ ఊరి వైపు పోయే దారో, ఈ మూడూ చెబితే ఆ చోటు ఇంటి నంబరంత ఖచ్చితం. ప్రమాదం వంతెన పైన జరిగినదా, కింద సర్వీసు రోడ్డు మీదనా అన్నదీ చెప్పాలి. 2010లో రహదారుల సంఖ్యలు మారిన సంగతి మన పాత డ్రైవర్లు మరువరాదు. చెన్నై-కోల్‌కతా దారిని 5వ నంబరు అనే వాడుక ఇంకా పోలేదు, నేడు అది 16. హైదరాబాదు-విజయవాడ దారి ఆనాడు 9, నేడు 65. హైదరాబాదు-బెంగుళూరు దారి ఆనాడు 7, నేడు 44. జాతీయ రహదారుల మీద సహాయానికి 1033 నంబరు ఉన్నది.

రైల్వే ట్రాక్ మీద పనిచేసే సోదరులకు ఈ విద్య కొత్తది కాదు. విద్యుత్ మార్గంలో ప్రతి స్తంభం మీద కిలోమీటరు సంఖ్య, దాని కింద ఆ కిలోమీటరులో స్తంభం వరుస సంఖ్య రాసి ఉంటాయి. ఆ రెండూ, ఇరువైపుల స్టేషన్ల పేర్లూ చెబితే చాలు. అయితే కాంట్రాక్టరు తెచ్చిన కొత్త కూలీకి ఈ సంగతి ఎవరు చెప్పినారు? అది మన పని.

శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి పడవల మీద పనిచేస్తున్నారు. సముద్రంలో బడి లేదు, బోర్డు లేదు. అక్కడ అక్షాంశ రేఖాంశాలే చిరునామా. కోస్టుగార్డు నంబరు 1554. పడవలోని జీపీఎస్ మీద ఆ అంకెలు చదవడం ఒక్క తండేలుకే గాక, పడవలోని ప్రతి మనిషికీ రావాలి.

ఇక విషవాయువు సంగతి. 2020 మే 7న తెల్లవారకముందు విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి లీకై, పక్కనున్న వెంకటాపురం మీద కమ్ముకున్నది. పన్నెండు మంది మరణించినారు. ఇటువంటి వేళ చోటు చెప్పడమంటే ఎటు నుండి రావాలో చెప్పడం కూడా. గాలి ఎటు వీస్తున్నదో, వాయువు ఎటు పోతున్నదో ఫోనులోనే చెప్పాలి. లేనిచో కాపాడ వచ్చినవారు తామే బాధితులౌతారు.

పరాయి ఊరి కార్మికుడు

మిత్రులారా, చోటు చెప్పలేకపోవడం అజ్ఞానం వలన అని కొందరు అంటారు. నేను అంగీకరించను. బరంపురం నుండి వచ్చి ఇక్కడి ఇటుక బట్టీలో పనిచేసే ఒడియా కూలీకి, పాలమూరు నుండి పోయి ముంబైలో కాంక్రీటు పోసే తెలుగు కూలీకి, తాను ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. అతన్ని రాత్రి రైలు దింపి, వ్యానులో ఎక్కించి, ఒక గోడ లోపల దించినారు. అతని దృష్టిలో ఆ చోటు పేరు "సైటు". మేస్త్రీ పేరు తెలుసు, చోటు పేరు తెలియదు. గుర్తింపు కార్డు మీద ఎక్కడో ఉన్న హెడ్డాఫీసు చిరునామా ఉంటుంది. పనిచేసే చోటు చిరునామా ఉండదు.

గల్ఫులో మన తెలుగువారు లక్షలాదిగా పనిచేస్తున్నారు. అక్కడి కష్టాలు మనకు తెలియనివి కావు. కాని ఒక్క ఏర్పాటు చూడదగినది. ఖతార్‌లో భవనాల మీద నీలిరంగు పలక ఉంటుంది, దాని మీద జోను, వీధి, భవనం నంబర్లు ఉంటాయి. దుబాయిలో భవన ద్వారం వద్ద మకానీ అనే పది అంకెల నంబరు ఉంటుంది. భాష రానివాడు సైతం ఆ అంకెలు చదివితే చోటు తెలిసిపోతుంది. మన దేశంలోనూ 2025 మే నెలలో తపాలా శాఖ డిజిపిన్ అనే పది అక్షరాంకెల గుర్తును విడుదల చేసినది. సుమారు నాలుగు మీటర్ల చదరానికి ఒక గుర్తు. ఐ.ఐ.టి. హైదరాబాదు, ఇస్రో సంస్థల సహకారంతో రూపొందినది. 1972లో వచ్చిన పిన్‌కోడు ఒక తపాలా ఆఫీసు పరిధిని మాత్రమే చూపుతుంది, ఇది గుమ్మాన్ని చూపగలదు. మంచిదే. అయితే గుర్తు ఫోనులో దాగి ఉంటే ప్రయోజనం లేదు, గేటు మీద రాసి ఉండాలి. ఊరు, రోడ్డు, గేటు చెప్పే మాట దాని పక్కన ఉండనే ఉండాలి.

భయం మరొక కారణం. రోడ్డు మీద ప్రమాదం చూసి ఫోను చేస్తే పోలీసులు తనను తిప్పుతారని మన డ్రైవరు చోటు దాచి, అరకొరగా చెప్పి తప్పుకుంటాడు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134-ఏ సెక్షన్ చేర్చినారు. సద్భావంతో బాధితునికి సాయపడినవారిని కేసులలో ఇరికించరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, చోటు మాత్రం సరిగా చెప్పండి.

మన డిమాండ్లు

1984 డిసెంబరు భోపాల్ మారణకాండ తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలు అత్యవసర ప్రణాళికను తయారుచేసి కార్మికులకు తెలియజేయాలన్నారు. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలు ఆరు నెలలకొకసారి ఆ ప్రణాళిక ప్రకారం అభ్యాసం జరపాలన్నవి. 2025 నవంబరు 21 నుండి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడు వచ్చినది. ఆ కోడు గురించి మరొక తరగతిలో చర్చిస్తాము. చట్టం ఏదైనా, గేటు మీద బోర్డు లేకపోతే ప్రణాళిక బీరువాలోనే ఉన్నట్లు లెక్క. అందుచేత ప్రతి యూనియన్ ఈ కోర్కెలను భద్రతా కమిటీలో పెట్టాలని కోరుతున్నాను.

ఒకటి: ప్రతి గేటుకు, ప్రతి షెడ్డుకు, ప్రతి అంతస్తుకు నంబరు ఉండాలి. ప్రతి టెలిఫోను పక్కన పూర్తి చిరునామా, దగ్గరి గేటు నంబరు, కార్మికులు మాట్లాడే భాషలన్నింటిలో రాసి ఉండాలి.

రెండు: కాంట్రాక్టు కార్మికునితో సహా ప్రతివారికి మొదటి రోజునే, జీతం ఇచ్చే పని వేళలోనే, ఈ సంగతి నేర్పాలి. పనిచేసే చోటు చిరునామాను గుర్తింపు కార్డు వెనుక అచ్చు వేయాలి.

మూడు: మేనేజరు అనుమతి కోసం ఎదురుచూడకుండా నేరుగా 112కు, 108కి ఫోను చేసే హక్కు ప్రతి కార్మికునికి ఉండాలి. ఫోన్లు లోపలికి తీసుకుపోరాని ప్రమాదకర విభాగాలలో బయటికి మాట్లాడే టెలిఫోను తప్పక ఉండాలి.

నాలుగు: ఫోను చేసిన వెంటనే ఒక మనిషి గేటు వద్దకు, మరొకరు రోడ్డు మలుపుకు, రాత్రివేళ టార్చిలైటుతో పోవాలి. బహుళ అంతస్తుల భవనంలో మరొకరు లిఫ్టును కింద ఆపి ఉంచాలి. ఈ అభ్యాసం పగటి షిఫ్టులోనే గాక రాత్రి షిఫ్టులో కూడా జరగాలి.

మిత్రులారా, ఆ ఫ్యాక్టరీలో ఆ కార్మికుని కుటుంబానికి నష్టపరిహారం కోసం మేము చాలాకాలం పోరాడినాము. ఆ పోరాటం మధ్యలో ఒక ఆదివారం నాడు ఆ గేటు వద్ద పనిచేసే పదిమంది కార్మికులు చందా వేసుకుని, రెండు డబ్బాల రంగు కొని, గేటు పక్క గోడ మీద ఫేజు, రోడ్డు, యూనిట్, గేటు నంబరు రాసినారు. యాజమాన్యం చేయవలసిన పని అది. చేయలేదు గనుక కార్మికులే చేసినారు. తరువాత ఆ గోడను యాజమాన్యం వారు రెండుసార్లు సున్నం వేయించినారు గాని, ఆ అక్షరాలను మాత్రం వదలివేసినారు.

మీరు రేపు డ్యూటీకి పోయినప్పుడు గేటు వద్ద ఒక్క నిమిషం ఆగండి. పక్కన నడుస్తున్న కొత్త కుర్రవాణ్ణి ఆపి, "బాబూ, ఇప్పుడు మనం ఎక్కడున్నాము? ఫోనులో చెప్పినట్లు చెప్పు" అని అడగండి. అతను చెప్పలేకపోతే కోప్పడకండి, మీరు చెప్పండి. మీకే తెలియకపోతే ఇద్దరూ కలిసి తెలుసుకోండి.